అహ్మదాబాద్ విమాన ప్రమాదం: 15 పేజీల ప్రాథమిక నివేదికను పూర్తిగా చదువుదాం

వశిష్ఠ తీరం (నర్సాపురం)
2025 జూలై 13, ఉదయం 7.40

సభ్యులందరికీ నమస్కారం. జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిపోయిన ఎయిరిండియా 171 విమానం గురించి మన దేశపు విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఇచ్చిన ప్రాథమిక నివేదిక నిన్న తెల్లవారేసరికి అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. 15 పేజీలున్న ఆ నివేదికలోంచి రెండే రెండు వాక్యాలు ఏరుకుని, రాత్రికల్లా టీవీల్లో తీర్పులు కూడా చెప్పేశారు. ఈ రోజు పొద్దున్న మా ఊరి టీ కొట్టు దగ్గర, పైలట్టే ఇంజన్లు ఆపేశాడట, ఇంక దర్యాప్తు దేనికని ఒక పెద్దాయన అనగా విన్నాను.

మా అన్నయ్య కూతురు పైచదువుకు సెప్టెంబరులో లండన్ వెళ్తోంది. పైకి లేచిన విమానం అర నిమిషంలో ఎలా పడిపోతుంది బాబాయ్ అని ఆ పిల్ల అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. విమానాల మరమ్మతు పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు మన వేదికలో ఉన్నారని తెలుసు కనుక, నివేదికలో నిజంగా ఏముందో తెలిసినవారు తెలియనివారికి అర్థమయ్యేలా రాయవలసిందిగా కోరుతున్నాను.

పాత స్పానర్ (రావులపాలెం)
2025 జూలై 13, ఉదయం 10.15

వశిష్ఠ తీరం గారూ, నేను 31 ఏళ్లు విమానాల పొట్టల కింద, రెక్కల మీద పనిచేసినవాణ్ణి. నివేదికను నిన్న మూడుసార్లు చదివాను. అందులో వేళలన్నీ గ్రీనిచ్ కాలంలో ఉన్నాయి కాబట్టి వాటిని మన గడియారంలోకి మార్చి చెబుతాను.

మధ్యాహ్నం 1 గంట 38 నిమిషాల 33వ సెకనుకు విమానం 153 నాట్ల వేగం, అంటే గంటకు సుమారు 283 కిలోమీటర్లు అందుకుంది. దీన్ని మేము 'వీ వన్' అంటాం. ఆ వేగం దాటిన తరువాత ఏ లోపం కనిపించినా బ్రేకులు వేయకూడదు, పైకి లేవవలసిందే, ఎందుకంటే మిగిలిన రన్‌వే ఆగడానికి చాలదు. 35వ సెకనుకు ముక్కు ఎత్తే వేగం వచ్చింది, 39వ సెకనుకు చక్రాలు నేల వదిలాయి, 42వ సెకనుకు వేగం 180 నాట్లకు చేరింది. సరిగ్గా ఆ వెంటనే రెండు ఇంజన్ల ఇంధన స్విచ్‌లూ ఒక సెకను తేడాతో 'రన్' (ఇంధనం అందే స్థానం) నుంచి 'కటాఫ్' (ఇంధనం ఆగిపోయే స్థానం)కు మారినట్టు విమానంలోని రికార్డరులో నమోదైంది. ఇంజన్ల వేగం పడిపోసాగింది. పొట్ట కింద నుంచి ర్యాట్ అనే చిన్న గాలిమర దిగింది. ఇంజన్లు రెండూ బలం కోల్పోయినప్పుడు, విమానాన్ని తిప్పేందుకు కావలసిన కనీస శక్తిని గాలి తాకిడితో పుట్టించేది అదే. 47వ సెకనుకు ఆ గాలిమర తన పని మొదలుపెట్టింది. 52వ సెకనుకు ఒకటో ఇంజను స్విచ్, 56వ సెకనుకు రెండో ఇంజను స్విచ్ మళ్లీ 'రన్'కు వచ్చాయి. 1 గంట 39 నిమిషాల 5వ సెకనుకు కాక్‌పిట్ నుంచి మేడే పిలుపు, అంటే ఆపదలో ఉన్నామని చెప్పే పిలుపు వచ్చింది. 11వ సెకనుకు రికార్డింగ్ ఆగిపోయింది. నేల వదిలిన క్షణం నుంచి ఇదంతా 32 సెకన్లలో జరిగింది.

ఇక మిగిలిన పేజీలు కూడా చదవాలి. విమానం బరువు 2,13,401 కిలోలు. అనుమతి ఉన్నది 2,18,183 కిలోల దాకా, కనుక అధిక బరువు కాదు. రెక్కల వెనుక ఫ్లాపులు టేకాఫ్‌కు ఉండవలసిన 5 డిగ్రీల స్థానంలోనే ఉన్నాయి. ఇంధనం నింపిన బండ్ల నుంచి తీసిన నమూనాల్లో కల్తీ లేదు. విమానం వెళ్లిన దారిలో చెప్పుకోదగ్గ పక్షుల సంచారం లేదు. ఈ నెల రోజుల్లో మనం విన్న పుకార్లలో సగం ఈ నాలుగు వాక్యాలతోనే తీరిపోతాయి. కానీ ఈ నాలుగింటి గురించి నిన్న ఎవరూ మాట్లాడలేదు.

గొంతెరు యువకుడు (పాలకొల్లు)
2025 జూలై 13, ఉదయం 11.02

పాత స్పానర్ గారికి నమస్కారం. మీరు చెప్పినదాన్నిబట్టే అడుగుతున్నాను. స్విచ్‌లు వాటంతట అవే కదలవు కదా. పైకి లాగి, అడ్డు దాటించి మరీ కిందికి దించాలని అన్నిచోట్లా రాస్తున్నారు. ఒక పైలట్ మరొకరిని ఎందుకు ఆపావని అడిగినట్టు, రెండోవారు నేను ఆపలేదని చెప్పినట్టు నివేదికలోనే ఉంది. అప్పుడు ఇద్దరిలో ఒకరు చేసినట్టే కాదా? ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని చెప్పడానికి మనం ఎందుకు వెనకాడాలి?

వేదిక నిర్వాహకులు
2025 జూలై 13, ఉదయం 11.30

పైలట్ల పేర్లు, ఫొటోలు, వారి కుటుంబ విషయాలతో వచ్చిన ఆరు వ్యాఖ్యలను తొలగించాము. ఆ ఇద్దరూ జవాబు చెప్పుకోలేని చోట ఉన్నారు, వారి ఇళ్లవాళ్లు ఇవన్నీ చదువుతున్నారు. పేర్లు లేకుండా ఎంత లోతుగా చర్చించినా అభ్యంతరం లేదు.

పాత స్పానర్ (రావులపాలెం)
2025 జూలై 13, మధ్యాహ్నం 3.20

బాబూ, నీ ప్రశ్న న్యాయమైనదే, దాన్ని దాటవేయను. ఆ స్విచ్‌లు రెండూ థ్రస్ట్ లివర్ల, అంటే ఇంజన్ల బలాన్ని పెంచి తగ్గించే మీటల కింద పక్కపక్కన ఉంటాయి. మెడ దగ్గర పట్టుకుని పైకి లాగితేనే అడ్డుపళ్లను దాటి అవతలి స్థానంలోకి వస్తాయి. పొరపాటున మోచేయి తగలకుండా రెండు వైపులా రక్షణ కమ్మీలు కూడా ఉంటాయి. ఒకే సెకనులో రెండూ చేయి జారి పడిపోయాయంటే నేనూ నమ్మను.

అయితే రికార్డరు ఏం చూస్తుందో తెలుసుకోవాలి. స్విచ్ నుంచి వచ్చే విద్యుత్ సంకేతం ఏ స్థితిలో ఉందో అది నమోదు చేస్తుంది, స్విచ్ మీది చేతిని కాదు. అందుకే నివేదిక స్విచ్‌లు 'మారాయి' అని రాసింది, ఎవరో 'మార్చారు' అని రాయలేదు. ఇలాంటి నివేదికల్లో క్రియాపదాన్ని తూచి తూచి వేస్తారు. మాటల రికార్డింగు నుంచి కూడా ఒక ప్రశ్న, ఒక జవాబు మాత్రమే, అదీ ఎవరు ఎవరితో అన్నారో చెప్పకుండా ఇచ్చారు. రెండు గంటల ఆడియో, 49 గంటల విమాన సమాచారం వాళ్ల చేతిలో ఉంది. స్విచ్ చప్పుడు ఎప్పుడు వినిపించింది, ఆ మాట ఎంతసేపటికి వచ్చింది, గొంతులో ఏం పలికింది అనేవన్నీ ఇంకా పక్కపక్కన పెట్టి చూడాలి. కాక్‌పిట్‌లో బొమ్మ తీసే రికార్డరు కూడా ఉండాలని అమెరికా రవాణా భద్రతా బోర్డు పాతికేళ్ల కిందటే అడిగింది. ప్రయాణికుల విమానాల్లో దాన్ని ఇంతవరకు తప్పనిసరి చేయలేదు.

రొయ్యల చెరువు (భీమవరం)
2025 జూలై 13, సాయంత్రం 6.05

నాకు విమానాల గురించి ఏమీ తెలియదు, కానీ ఒక సందేహం పట్టి పీడిస్తోంది. పది సెకన్లలోనే స్విచ్ తిరిగి 'రన్'లో పడిందన్నారు. ఇంజన్లు మళ్లీ అంటుకున్నాయని కూడా చదివాను. అలాంటప్పుడు విమానం ఎందుకు లేవలేదు?

పాత స్పానర్ (రావులపాలెం)
2025 జూలై 13, రాత్రి 8.40

ఈ ప్రశ్నకు జవాబు మీ చెరువు గట్టు మీదే ఉందండి. వేకువన రెండు గంటలకు కరెంటు పోతుంది. చెరువు నీళ్లకు గాలి అందించే ఏరేటర్ల చప్పుడు ఆగడంతోనే మీకు మెలకువ వస్తుంది. మంచం మీద నుంచి లేచి, టార్చి పట్టుకుని గట్టు మీద పరుగెత్తి జనరేటర్ తిప్పుతారు. ఇంజను అందుకుంటుంది, చక్రాలు నీళ్లు చిమ్మడం మొదలవుతుంది. కానీ నీళ్లలో ఆక్సిజన్ ఆ క్షణమే తిరిగి రాదు. చెరువు అప్పటికే అంచు మీద ఉంటే, జనరేటర్ బ్రహ్మాండంగా తిరుగుతుండగానే మీ కళ్లెదుట రొయ్య తేలిపోతుంది. ఇక్కడా అదే జరిగింది.

రెండు ఇంజన్లలోనూ మంట అంటుకున్నట్టు లోపలి ఉష్ణోగ్రతల వల్ల తెలిసింది. ఒకటో ఇంజను వేగం పడిపోవడం ఆగి, తిరిగి పుంజుకోవడం మొదలైంది. రెండోది అంటుకుంది కానీ దాని వేగం పడిపోవడాన్ని ఆపలేకపోయింది. ఇంజను కంప్యూటరు తనంతట తాను మళ్లీ మళ్లీ ఇంధనం అందిస్తూనే ఉంది. ఇలా ఆరిన ఇంజను తిరిగి పూర్తి బలం అందుకోవాలంటే కాలం కావాలి, ఆ కాలం ఎత్తులో ఉంటుంది. 30,000 అడుగుల మీద రెండు ఇంజన్లూ ఆరిపోయినా విమానం చాలా నిమిషాలు జారుకుంటూ రాగలదు. నేల వదిలిన మూడో సెకనులో ఆరితే ఆ అవకాశమే లేదు. టేకాఫ్ అంటే మాకు భయం ఇందుకే. నిండా ఇంధనం, నిండా బరువు, తక్కువ వేగం, తక్కువ ఎత్తు, నాలుగూ ఒకేసారి కలిసి వచ్చే క్షణాలు అవి.

అమలాపురం అమ్మ
2025 జూలై 13, రాత్రి 9.30

మా అమ్మాయి వైద్యవిద్య రెండో సంవత్సరం చదువుతూ హాస్టల్‌లో ఉంటోంది. ఆ విమానం పడింది బీజే మెడికల్ కాలేజీ హాస్టల్ భవనాల మీద. అప్పుడు మధ్యాహ్నం 1 గంట 39 నిమిషాలు, భోజనాల వేళ. మెస్సులో బల్లల మీద అన్నం పళ్లాలు అలాగే ఉండిపోయి, పైకప్పులోంచి విమానం తోక కనిపిస్తున్న ఫొటో నా కళ్ల ముందు నుంచి నెల రోజులుగా పోవడం లేదు. ఆ రోజు మా పిల్లకు ఫోన్ చేస్తే, నేను కూడా ఇప్పుడే మెస్సులో కూర్చున్నానమ్మా అంది.

విమానంలో ఉన్న 242 మందిలో 241 మంది పోయారని అందరూ రాస్తున్నారు. కింద పోయిన 19 మంది ఏ విమానమూ ఎక్కినవాళ్లు కాదు. దర్యాప్తులో వాళ్ల గురించి కూడా ఏమైనా అడుగుతారా?

కొత్తపేట న్యాయవాది
2025 జూలై 14, ఉదయం 8.10

అమ్మా, మీరు అడిగింది చట్టపరంగా కూడా ముఖ్యమైన విషయమే. విమాన ప్రయాణికుల పరిహారానికి 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. దాని ప్రకారం ఒక పరిమితి వరకు విమానయాన సంస్థ తప్పు చేసిందని బాధిత కుటుంబం నిరూపించవలసిన పని లేదు, తుది నివేదిక కోసం ఎదురుచూడవలసిన పనీ లేదు. నేల మీద ఉన్నవారు ఆ ఒప్పందంలోకి రారు. వారి కుటుంబాలు మామూలు చట్టాల దారినే నడవాలి. ఒకే మంటలో పోయినవారికి రెండు వేర్వేరు దారులు ఉండడం నాకు ఎన్నడూ సబబుగా తోచలేదు.

దర్యాప్తు మాత్రం అందరి మరణాలనూ చూస్తుంది. రన్‌వే చివర ఏముందన్నది దర్యాప్తులకు కొత్త విషయం కాదు. 1993 ఏప్రిల్ 26న ఔరంగాబాద్‌లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ 491 విమానం టేకాఫ్‌లో రన్‌వే దాటి, అవతలి రోడ్డు మీద దూది బేళ్లతో వెళ్తున్న లారీని తగిలింది. 118 మందిలో 55 మంది చనిపోయారు. పైలట్లు ముక్కు ఎత్తడంలో ఆలస్యం చేశారని, ఎత్తిన పద్ధతి కూడా సరికాదని దర్యాప్తు చెప్పింది. అంతటితో వదిలిపెట్టకుండా, విమానాల వేళల్లో ఆ బీడ్ రోడ్డు మీద వాహనాలను ఆపకపోవడం కూడా కారణమేనని రాసింది. పైలట్ తప్పు రాసిన కలమే రోడ్డు తప్పు కూడా రాసింది.

పాలకొల్లు తమ్ముడికి ఒక మాట. ఈ దర్యాప్తు 2017 నాటి మన నిబంధనల కింద, అంతర్జాతీయ విమానయానానికి మూలమైన చికాగో ఒప్పందపు 13వ అనుబంధాన్ని అనుసరించి జరుగుతోంది. మళ్లీ అలాంటి ప్రమాదం జరగకుండా చూడడం మాత్రమే దీని ఉద్దేశమని, నింద మోపడం కాదని ఆ రెండింటిలోనూ రాసి ఉంది. దోషులను తేల్చడం కోర్టుల పని. దర్యాప్తు అధికారి ముందు చెప్పిన నిజం రేపు తన మీదే కేసుగా తిరిగి వస్తుందనుకుంటే ఏ మెకానిక్కూ నిజం చెప్పడు.

బాయిలర్ మేస్త్రి (తణుకు)
2025 జూలై 14, మధ్యాహ్నం 1.50

న్యాయవాది గారు రాసిన చివరి వాక్యం చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నేను ఒక బియ్యం మిల్లులో బాయిలర్ చూసేవాణ్ణి. బాయిలరులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూపే గాజు గొట్టానికి ఒక రక్షణ తొడుగు వేసుకోవడం మంచిదని తయారీదారు నుంచి కాగితం వచ్చింది. 'మంచిది' అని ఉంది, 'వేయాలి' అని లేదు. యజమాని దాన్ని ఫైలులో పెట్టించారు. రెండేళ్ల తరువాత ఒక రాత్రి ఆ గొట్టం పగిలి, పొయ్యిలో ఊక వేసే కుర్రాడి రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి. మరుసటి రోజు అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే, డ్యూటీలో ఎవరున్నారు అని. ఉన్నది నేను. ఆ కాగితం గురించి ఎవరూ అడగలేదు, నేను చెప్పినా వినలేదు.

ఈ విమానం స్విచ్‌ల గురించి కూడా ముందే ఒక కాగితం వచ్చిందని మా అబ్బాయి చెప్పాడు. అది నిజమేనా అని పాత స్పానర్ గారిని అడుగుతున్నాను.

పాత స్పానర్ (రావులపాలెం)
2025 జూలై 14, రాత్రి 9.15

మేస్త్రి గారూ, నిజమే. నివేదికలో నేను పెన్సిలుతో గీత గీసుకున్న పేరా అదే. 2018 డిసెంబరులో అమెరికా ప్రభుత్వపు విమానయాన నియంత్రణ సంస్థ ఒక సమాచార పత్రం విడుదల చేసింది. కొన్ని బోయింగ్ 737 విమానాల్లో ఇంధన స్విచ్‌ల తాళం, అంటే ఎత్తితేనే కదిలే ఆ అడ్డుపళ్ల ఏర్పాటు, పట్టు లేకుండా బిగించి ఉన్నట్టు కనిపించిందని, అదే రకపు స్విచ్ మరికొన్ని నమూనాల్లో, ఇప్పుడు కూలిన విమానం రకమైన 787లో కూడా ఉంది కనుక తనిఖీ చేసుకోవడం మంచిదని ఆ పత్రం సారాంశం. అది సలహా మాత్రమే, ఆదేశం కాదు. కాబట్టి తాము ఆ తనిఖీ చేయలేదని ఎయిరిండియా దర్యాప్తుకు తెలిపినట్టు నివేదిక రాసింది. ఆ స్విచ్‌లుండే మాడ్యూలును 2019లోనూ 2023లోనూ మార్చారు, కానీ అది స్విచ్ లోపం వల్ల కాదు.

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. ఆ తాళం ఊడడం వల్లనే ఈ ప్రమాదం జరిగిందని నివేదిక అనలేదు, నేనూ అనడం లేదు. ఆ స్విచ్‌లు సురక్షితమైనవేనని అమెరికా సంస్థ ఈ వారంలోనే మళ్లీ చెప్పింది. నన్ను నిద్రపోనివ్వనిది వేరే సంగతి. సలహా అని రాసినందుకు ఆగిపోయిన కాగితాలు ఎన్ని ప్రాణాలు తీశాయో నా వృత్తిలో చూశాను.

1987 ఆగస్టు 16న డెట్రాయిట్‌లో నార్త్‌వెస్ట్ సంస్థ ఎండీ-82 విమానం ఫ్లాపులు దించకుండానే టేకాఫ్‌కు పరుగెత్తింది. ఫ్లాపులు లేకపోతే అంత తక్కువ వేగానికి రెక్క విమానాన్ని మోయలేదు. అలాంటప్పుడు చెవులు దద్దరిల్లేలా మోగవలసిన హెచ్చరిక మోగలేదు, దానికి కరెంటే అందలేదు. విమానంలోని 155 మందిలో ఒక్క నాలుగేళ్ల పాప మాత్రం బతికింది, నేల మీద మరో ఇద్దరు పోయారు. ఆ హెచ్చరిక పనిచేస్తోందో లేదో ప్రతి ప్రయాణానికి ముందూ చూసుకోమని తయారీ సంస్థ విమానయాన సంస్థలకు రాసింది. అదీ సలహానే.

2008 ఆగస్టు 20న మాడ్రిడ్‌లో స్పానెయిర్ 5022 కూలింది. అదే ఎండీ-82, మళ్లీ దించని ఫ్లాపులు, మళ్లీ మోగని హెచ్చరిక. 172 మందిలో 154 మంది పోయారు. ఆ విమానం అంతకుముందే ఒకసారి రన్‌వే దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. బయటి ఉష్ణోగ్రత కొలిచే గొట్టం నేల మీదే వేడెక్కుతోందని చూపిస్తే, మెకానిక్కులు ఆ హీటరు బ్రేకరు లాగేసి పంపించారు. నిబంధనల పుస్తకం దానికి ఒప్పుకుంటుంది కూడా. కానీ ఆ హీటరు గాలిలో ఉన్నప్పుడే వేడెక్కాలి. నేల మీద వేడెక్కుతోందంటే, విమానం గాలిలో ఉందని లోపల ఏదో వలయం అనుకుంటోందని అర్థం. గాలిలో ఉన్న విమానానికి టేకాఫ్ హెచ్చరిక అక్కర్లేదు కాబట్టి అది నోరు మూసుకుంటుంది. ఒకే రిలే, అంటే కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్, ఆ రెండింటికీ సంకేతం ఇస్తుంది. గొట్టం వేడెక్కడం రోగం కాదు, రోగం పైకి చెప్పిన లక్షణం. దాన్ని నొక్కేశారు. ఆ రిలే మీదే అనుమానం నిలిచింది. అక్కడ ఆ హెచ్చరికను ప్రతి ప్రయాణానికి ముందూ చూసే పద్ధతి లేదు. 21 ఏళ్ల కిందటి సలహా అందరికీ ఆదేశమై ఉంటే, ఆ మధ్యాహ్నం ఎవరో ఒకరు మీట నొక్కి చూసేవారు, అది మోగడం లేదని తెలిసేది. ప్రమాదం జరిగిన రెండు నెలలకు ఐరోపా విమాన భద్రతా సంస్థ దాన్ని తప్పనిసరి చేసింది.

గొంతెరు యువకుడు (పాలకొల్లు)
2025 జూలై 15, ఉదయం 7.25

పాత స్పానర్ గారూ, మాడ్రిడ్ సంగతి నాకు తెలియదు, రాత్రంతా దాని గురించే ఆలోచించాను. అయినా నా మనసులో ఉన్నది చెబుతాను. ఫ్లాపులు దించడం మరిచిపోయింది మనుషులే కదా. హెచ్చరిక మోగకపోవడం రెండో తప్పు, మొదటి తప్పు మాత్రం మనిషిదే. నిన్న పౌర విమానయాన డైరెక్టరేట్ ఆదేశం ఇచ్చిందట, మన దేశంలో నమోదైన బోయింగ్ విమానాల్లో ఈ స్విచ్‌ల తాళాలను జూలై 21 లోపు తనిఖీ చేయాలని. 2018లో వచ్చిన సలహా ఏడేళ్లకు ఆదేశమైందన్నమాట.

పాత స్పానర్ (రావులపాలెం)
2025 జూలై 15, ఉదయం 9.00

మనిషి మరిచిపోతాడనే కదా నాన్నా, ఆ హెచ్చరిక కనిపెట్టింది.

కువైట్ నుంచి రాజోలు ఆడపడుచు
2025 జూలై 18, రాత్రి 11.50

అందరికీ నమస్కారం. నేను కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తూ పదకొండేళ్లు గడిపాను. రెండేళ్లకోసారి శంషాబాద్‌లో దిగి, రాత్రంతా బస్సులో కూర్చుని రాజోలు చేరుకుంటాను. ఇంత కాలం విమానం లేచేటప్పుడు కిటికీలోంచి దీపాలు చూస్తూ, పిల్లలకు ఏం కొన్నానో లెక్క పెట్టుకునేదాన్ని. ఇప్పుడు వచ్చే నెల టికెట్టు తీసుకుంటుంటే, నా పక్కనున్న అమ్మాయి 11ఏ సీటు ఉందా అని ఏజెంటును అడిగింది. బతికిన ఒక్కరూ ఆ సీటులో కూర్చున్నారని అందరికీ నోటికి వచ్చేసింది. అన్నయ్యగారూ, ఆ సీటులో నిజంగా ఏమైనా ఉందా? ఎక్కాక మా చేతిలో ఉన్నది ఏమైనా ఉందా?

పాత స్పానర్ (రావులపాలెం)
2025 జూలై 19, ఉదయం 6.45

అమ్మా, ఆ సీటు అత్యవసర ద్వారం పక్కది. విమానం విరిగినప్పుడు ఆ భాగం హాస్టల్ కింది అంతస్తు వైపు, బయటికి దారి ఉన్న చోట పడింది. అదే సీటు మరో విమానంలో, మరో కోణంలో పడితే మొదట నలిగేది కావచ్చు. సీటు నంబరులో రక్ష లేదు. నీ చేతిలో ఉన్నవి చిన్నవే కానీ నిజమైనవి. బెల్టును తుంటి ఎముకల మీదికి దించి బిగించుకో. నీ సీటు నుంచి ముందు ద్వారానికి ఎన్ని వరుసలో, వెనుక ద్వారానికి ఎన్ని వరుసలో వేళ్లతో లెక్కపెట్టుకో, ఎందుకంటే పొగలో కళ్లు కనిపించవు, సీట్ల వీపులు తడుముకుంటూ వెళ్లాలి. లేచేటప్పుడు, దిగేటప్పుడు చెప్పులు కాళ్లకే ఉంచుకో. బయటపడవలసి వస్తే పిల్లలకు కొన్న సామాను పెట్టెను తీయవద్దు. పెట్టె కోసం ఆగినవారి వెనుక వరుసంతా ఆగిపోతుంది.

వశిష్ఠ తీరం (నర్సాపురం)
2025 జూలై 19, మధ్యాహ్నం 12.10

ఒక అమెరికా పత్రిక కథనం ఆధారంగా నిన్నటి నుంచి మళ్లీ పైలట్ల మీద మాటలు మొదలయ్యాయి. అమెరికా రవాణా భద్రతా బోర్డు అధ్యక్షురాలు జెన్నిఫర్ హోమెండీ ఇలాంటి కథనాలు తొందరపాటువని, ఊహాగానాలని ప్రకటించారు. మన కేంద్ర మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు కూడా తుది నివేదిక వచ్చేదాకా ఎవరూ ఒక నిర్ణయానికి రాకూడదని చెప్పారు. ఈ రెండింటినీ టీ కొట్టు దగ్గర ఫోనులో చూపించాను. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని పూర్తిగా చదివి, అయితే ఆగుదాం అన్నారు.

గొంతెరు యువకుడు (పాలకొల్లు)
2025 జూలై 22, సాయంత్రం 5.30

తమ బోయింగ్ 787, 737 విమానాలన్నింటిలో ఇంధన స్విచ్‌ల తాళాల తనిఖీ పూర్తయిందని, ఎక్కడా లోపం కనిపించలేదని ఎయిరిండియా ఈ రోజు ప్రకటించింది. అంటే స్విచ్ మీద అనుమానం పోయినట్టేనా? ఇంతకీ ఆ తనిఖీ ఎలా చేస్తారండీ, స్విచ్ విప్పి చూస్తారా?

బాయిలర్ మేస్త్రి (తణుకు)
2025 జూలై 22, రాత్రి 7.15

లోపం కనిపించలేదంటే నాకు సంతోషమే. ఆ కాగితం వచ్చిన ఏడాదే చూసి ఉంటే, ఈ రోజు ఈ ప్రశ్నే ఉండేది కాదు కదా అని మాత్రం అనిపిస్తోంది. చూసి లేదని చెప్పడం వేరు, చూడలేదని చెప్పడం వేరు.

పాత స్పానర్ (రావులపాలెం)
2025 జూలై 22, రాత్రి 9.40

మేస్త్రి గారు నా మాటే చెప్పారు. బాబూ, మిగిలిన విమానాల్లో తాళాలు బాగున్నాయని తేలింది. ఇది మంచి వార్త, దర్యాప్తుకూ పనికొచ్చే వార్త. కానీ కూలిన విమానంలోని మాడ్యూలు మంటల్లో కాలిపోయింది. దానిలో స్విచ్‌లు రెండూ 'రన్' స్థానంలోనే దొరికాయి. ఆ కాలిన లోహంలో అడ్డుపళ్లు ఎంత అరిగాయో, వాటి స్ప్రింగు ఏ స్థితిలో ఉందో ప్రయోగశాలలో భూతద్దం కింద పెట్టి చూడవలసినవారు చూడాలి. ఆ పేజీ తుది నివేదికలో వస్తుంది. నేను మొదట తిప్పబోయేది దాన్నే.

తనిఖీ ఎలాగని అడిగావు. విమానం నేల మీద, ఇంజన్లు ఆపి ఉండగా, స్విచ్‌ను పైకి లాగకుండా వేలితో పక్కకు తోసి చూడాలి. కదలకూడదు. గట్టిగా తోసినా అడ్డుపన్నుకు తగిలి ఆగిపోవాలి, ఆ ఆగడం వేలి కొసకు తెలుస్తుంది. తరువాత మెడ పట్టుకుని పైకి లాగితే, స్ప్రింగు బిగువు ఎదురు తగిలి, పళ్లు దాటి, అవతల టక్కుమని కూర్చోవాలి. లాగకుండానే కదిలితే ఆ స్విచ్ తీసి కొత్తది వేయాలి. 2018 పత్రంలో అడిగింది ఇదే. విప్పేది ఏమీ లేదు. కాక్‌పిట్‌లోకి తెచ్చుకున్న టీ చల్లారేలోపు అయిపోయే పని.